నీకంటూ ఒక పూట

ఎలా ఉన్నావు చెల్లాయ్ అని అడిగితే "ఏముందక్కా, మామూలే" అంటావు. ఆ మామూలులో ఏముందో నాకు తెలుసు. పొద్దున్నే పాలపాకెట్టు కత్తిరించడంతో మొదలై, క్యారేజీలు సర్ది, బట్టలు ఆరేసి, రాత్రికి పప్పు కుక్కరు దించేసరికి రోజు కాస్తా అయిపోతుంది. ఎవరూ నిన్ను ఒక్క మాట అనలేదు, ఏ కష్టమూ రాలేదు. అయినా పడుకునే ముందు ఈరోజు నాకోసం ఏం జరిగిందని వెతుక్కుంటే చేతికేమీ తగలదు. ఈ నెల మన ముచ్చట్లు దాని గురించే. పెళ్ళిళ్ళు, ప్రమోషన్లు, కొత్త ఇల్లు లాంటి పెద్ద సంతోషాలు వాటి వేళకి అవి వస్తాయి. పండగా పబ్బమూ లేని ఏ మంగళవారమో మనసుకి హాయినిచ్చే పనులేమున్నాయో మాట్లాడుకుందాం.

నేను నమ్మేది ఒకటుంది. చేత్తో ఏదో ఒకటి గీయడం, మట్టిలో ఏదో ఒకటి పెంచడం, గడప దాటి దగ్గర్లో ఏదో ఒకటి చూసి రావడం... విడివిడిగా చేస్తే ఇవి కాలక్షేపాలు. ఒకదాన్నొకటి పట్టుకుని నడిస్తే మాత్రం వారమంతా మారిపోతుంది. చూసొచ్చిన మొక్క కుండీలోకి వస్తుంది. కుండీలో పూసిన పువ్వు కాగితం మీదికి, వాకిట్లోకి వస్తుంది. గీస్తున్నప్పుడు ఆ రేకు ఎటు వంగిందో గుర్తు రాకపోతే మళ్ళీ వెళ్ళి చూడాలనిపిస్తుంది. అలా ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంటెడు చాకిరీ మధ్య మనకి కరువయ్యేది ఆ ఎదురుచూపేనే చెల్లాయ్.

మా రాజమండ్రి వాళ్ళకి ఇదంతా కూతవేటు దూరంలో ఉంది. మోరంపూడి దాటి వేమగిరి మీదుగా హైవే పట్టుకుంటే చాలు, రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. కడియపులంక, బుర్రిలంక, కడియపుసావరం, ఎటు చూసినా నల్లటి ప్లాస్టిక్ కవర్లలో బారులు తీరిన మొక్కలు. కడియం అని అందరం ఒక్క మాటలో అనేస్తాం గానీ అది చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి చేసుకున్న పేరు. ఇక్కడి నుంచి లారీలకెత్తిన మొక్కలు దేశంలో చాలా రాష్ట్రాలకి వెళతాయి. గోదావరి ఒండ్రు నేల, కాలవ నీళ్ళు ఉండబట్టే ఇదంతా సాధ్యమైంది. ఆ కాలవల వెనక ధవళేశ్వరం ఉంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టించి 1852కి పూర్తి చేయించిన ఆనకట్ట లేకపోతే ఈ నేల ఇంత పచ్చగా ఉండేది కాదు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ ఆ తర్వాత కాలంలో కట్టింది. పాత ఆనకట్ట సంగతులన్నీ ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో చూడొచ్చు. పిల్లల్ని తీసుకుని ముందు అక్కడికెళ్ళి, తర్వాత నర్సరీకి వెళ్ళు. మ్యూజియంలో చూసిన కాలవే మొక్కల పక్కన పారుతుంటే వాళ్ళకి చరిత్ర పాఠం వేరే చెప్పక్కర్లేదు.

నర్సరీకి వెళ్ళడమంటే కొనడానికే అనుకోకు. చూడ్డానికి వెళ్ళు. కూర్చుని కవర్లలో మట్టి నింపే ఆడవాళ్ళున్నారే, వాళ్ళ చేతుల వేగం చూడు. ఒక చేత్తో కవరు విప్పడం, రెండో చేత్తో మట్టి నింపడం, బొటనవేలితో గుంట చేసి నారు గుచ్చడం, అన్నీ ఒకే ఊపులో అయిపోతాయి. అంట్లు కట్టే దగ్గర కాసేపు నిలబడు. గాలి అంటు కట్టడం చూశావా? దానిమ్మకో నిమ్మకో పెన్సిలు లావున్న కొమ్మ ఎంచుకుని, అంగుళం మేర బెరడు చుట్టూ ఒలిచేస్తారు. అక్కడ తడిపిన కొబ్బరిపొట్టు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు వైపులా బిగించి కడతారు. ఆకులు తయారుచేసిన ఆహారం ఆ ఒలిచిన చోట దాటి కిందికి పోలేక అక్కడే ఆగిపోతుంది, అక్కడ వేళ్ళు పుడతాయి. నెలా నెలన్నరలో వేళ్ళు కనబడ్డాక కింద కోసి కుండీలో పెడతారు. చెట్టు మీద ఉండగానే ఇంకో చెట్టు తయారవడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అడిగితే విసుక్కోకుండా చెప్పేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. "ఇదెట్టా చేస్తారమ్మా" అని మనం మనస్ఫూర్తిగా అడిగితే వాళ్ళ మొహాలు వెలుగుతాయి. తమ పనిలోని తెలివిని ఒకరు గుర్తించడం ఎవరికి ఇష్టముండదు?

కొంటే ఎలా కొనాలో కూడా చెప్తాను. నిండా విరబూసిన మొక్క మీదికే మన కన్ను పోతుంది. దాని పక్కనే గుప్పెడు మొగ్గలతో, చిగుళ్ళతో పొట్టిగా ఉన్నది తీసుకో. ఆకు తిప్పి అడుగున చూడు. దూదిపింజల్లా తెల్లగా అంటుకుని ఉంటే పిండినల్లి, అది ఇంటికొస్తే మిగతా కుండీలన్నిటికీ పాకుతుంది. ఎండ కావాలా నీడ కావాలా, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పొయ్యాలి అని తప్పకుండా అడుగు. మీ బాల్కనీకి ఎండ ఎటునుంచి, ఎంతసేపు వస్తుందో నువ్వు ముందే గమనించుకుని వెళితేనే ఆ జవాబు పనికొస్తుంది. ఇంటికి తేగానే కుండీలోకి మార్చెయ్యకు. వారం రోజులు నీడపట్టున ఉంచి, మన ఇంటి గాలికి అలవాటు పడనివ్వు.

ఇక ఇంట్లో. స్థలం లేదక్కా అంటావు. కిటికీ ఊచల దగ్గర మూడు డబ్బాలు పట్టవూ? వంటకి తెచ్చిన పుదీనా కట్టలో ఆకులు దూసేశాక కాడలు పారెయ్యకుండా గ్లాసు నీళ్ళలో పెట్టు, వేళ్ళొస్తాయి. బచ్చలి తీగ ముక్క గుచ్చితే పట్టుకుంటుంది. మెంతులు పోపులడబ్బాలోవే చాలు. ఒక పూట నానబెట్టి వెడల్పాటి ట్రేలో చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు లేస్తాయి, మూడు వారాలకల్లా మెంతికూర పప్పులోకి సిద్ధం. తోటకూర ఇంకో వారం తీసుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి నేనెప్పుడూ ఆకుకూరలే చెప్తాను, ఎందుకంటే అవి మనల్ని ఎక్కువ రోజులు ఆగమనవు. గులాబీతో మొదలుపెట్టినవాళ్ళు చాలామంది మధ్యలో నీరసపడిపోతారు. దానికి చీడలెక్కువ, సేవలెక్కువ. చెయ్యి తిరిగాక దాని దగ్గరికి వెళ్ళొచ్చు. చీడకి వేపనూనె లీటరు నీళ్ళకి ఒక చెంచా, అందులో రెండు చుక్కలు సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చెయ్యి. ఎండ మీద కొడితే ఆకులు మాడతాయి.

రెండు పూల గురించి మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడనివ్వు.

చామంతి ఈ చలికాలం పువ్వు. రాత్రులు పొడుగవుతున్నాయని అది కనిపెట్టి మొగ్గ తొడుగుతుంది. అందుకే వీధి దీపం వెలుతురు రాత్రంతా మీద పడే చోట పెడితే దానికి చలికాలం వచ్చిన సంగతి సరిగా తెలియక పూత ఆలస్యమవుతుంది. కుండీని చీకటి మూలకి జరిపి చూడు. పూలు అయిపోయాక పీకి పారెయ్యకు. నేలకి బెత్తెడు ఎత్తున కోసేస్తే మొదట్లోంచి పిలకలొస్తాయి. ఆ పిలకల్ని వానాకాలానికి విడదీసి నాటుకుంటే మళ్ళీ ఏడు నీ చామంతులు నీ ఇంట్లోవే. జూన్, జులైల్లో కొనలు గిల్లుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. మల్లెకి ఇంకో లెక్క. డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. ఆ కత్తిరింపు చూసి ఇంట్లోవాళ్ళు అయ్యో మొక్కని మోడు చేసేశావంటారు. అననివ్వు. ఆ తర్వాత పేడ ఎరువు వేసి నీళ్ళు పెడితే కొత్త కొమ్మకొమ్మకీ మొగ్గలొచ్చి, మార్చి నుంచి నీ జడలోకి మల్లెలకి కొదవుండదు. మల్లె పూసేది కొత్త చిగురు మీదే కాబట్టి కత్తిరించడానికి చెయ్యి రాని ఇంట్లో మల్లె పొద పెరుగుతుంది గానీ పువ్వు తక్కువ.

ధనుర్మాసం దగ్గర పడుతోంది కదా, ఇప్పుడు వాకిట్లోకి వద్దాం. నువ్వు "నాకు బొమ్మలు రావక్కా" అంటావు. వాకిట్లో ముగ్గు వేసే చెయ్యికి బొమ్మ రాకపోవడమేమిటి? పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా, ఎక్కడా తెగకుండా జారాలంటే ఎంత సాధన కావాలో ఏ చిత్రకారుణ్ణి అడిగినా చెప్తాడు. ఒకప్పటి అలవాటు తప్పిపోయి ఉంటే చిన్నదానితో మొదలుపెట్టు. 5 సందు చుక్క 3 వరకు. మధ్యలో అయిదు చుక్కలు, పైనా కిందా నాలుగు, ఆ పైనా ఆ కిందా మూడు. మొత్తం 19 చుక్కలు. వాటి మీద ఆరు రేకుల పువ్వు ఎంచక్కా కూర్చుంటుంది. చెయ్యి కుదిరాక 7 నుంచి 4 కి వెళ్ళు, అవి 37 చుక్కలు. సంక్రాంతి నాటికి 15 నుంచి 8 దాకా నీకే ధైర్యమొస్తుంది.

మెలికల ముగ్గు ఇంకో లోకం. గీత చుక్కని తాకకుండా, ప్రతి చుక్క చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే చేరాలి. తమిళనాడు ఆడవాళ్ళ కోలం కూడా ఇదే దారి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి 1970ల్లో ఆ కోలాల్ని కంప్యూటరు శాస్త్రం దృష్టితో పరిశీలించి పరిశోధన పత్రాలు రాశారు. చదువుకోని అమ్మమ్మలు వేలికొసలతో గుర్తుపెట్టుకున్న నియమాల్ని పండితులు వ్యాకరణంగా రాసుకున్నారన్నమాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ముగ్గు వేసేటప్పుడు నా నడుం ఇంకాస్త నిటారుగా ఉంటోంది. నువ్వు కూడా మీ అమ్మగారి ముగ్గుల పుస్తకం అటక మీంచి దింపు. పాత నోటుపుస్తకంలో చుక్కలు పెట్టి, పక్కన అంకెలు వేసి, ఏ ముగ్గు ఎవరి దగ్గర నేర్చుకుందో రాసుకుని ఉంటుంది. అంతకన్నా మంచి వారసత్వం బ్యాంకు లాకర్లో దొరకదు. మీ అత్తయ్యగారిని కూడా పక్కన పీట వేసి కూర్చోబెట్టు. ఎన్నడూ నోరు విప్పని ఆవిడ ముగ్గు దగ్గర ఎన్ని కబుర్లు చెప్తారో చూడు.

కాగితం మీద వెయ్యాలంటే ఖర్చేమీ లేదు. మెత్తటి పెన్సిలు ఒకటి, మందపాటి డ్రాయింగు పుస్తకం ఒకటి, పిల్లల నీటిరంగుల పెట్టె. పల్చటి కాగితం మాత్రం వద్దు, నీళ్ళు తగలగానే ముడతలు పడి మన ఉత్సాహమంతా చల్లారుస్తుంది. నీ కుండీలోంచే ఒక ఆకు కోసి ఎదురుగా పెట్టుకో. నీటిరంగుల్లో వెలుగంటే కాగితం తెలుపే. అందుకని మెరుపు కావాల్సిన చోట రంగు వెయ్యకుండా వదిలేసి, లేత రంగు ముందు, చిక్కటిది తర్వాత వెయ్యాలి. కరివేపాకు రెమ్మ ఒక్కటి శ్రద్ధగా వేసి చూడు. రోజూ పోపులో వేసే ఆకే, దాని ఈనె ఒక పక్కకి ఒరిగి ఉంటుందనీ, లేతాకు ఆకుపచ్చలో పసుపు కలిసుంటుందనీ అప్పుడు గమనిస్తావు. బొమ్మ కుదిరిందా లేదా అన్నది పక్కన పెట్టు. ఆ అరగంటా నీ కళ్ళు నీవి, నీ చెయ్యి నీది.

నీటిరంగులు అసలెంత దూరం వెళ్ళగలవో చూడాలంటే మా ఊళ్ళో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి రా. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు ఆయన. ఇరవై ఏడేళ్ళ జీవితం. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలోని విద్య గుర్తించి ప్రోత్సహించారు. తర్వాత బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, తిరిగి గోదావరి ఒడ్డుకే వచ్చి మన మనుషుల్ని, మన ఆడవాళ్ళ నిలబడే తీరుని, కట్టుని బొమ్మల్లోకి తెచ్చారు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. నాకు ఇంకా ఇష్టమైన సంగతి, రామారావు భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ కుంచె పట్టినవాళ్ళు. వందేళ్ళ కిందట ఒక తెలుగింట్లో వదినా ఆడపడుచులు కూర్చుని రంగులు కలుపుకున్నారంటే తలుచుకోవడానికే ఎంత బాగుంది! వాళ్ళ గురించి ఇంకా చాలా రాయాలి, చాలామంది రాయాలి. గ్యాలరీకి వెళితే హడావిడిగా అన్నీ చూసెయ్యకు. ఒక్క బొమ్మ ముందు నిలబడి, వెలుతురు ఎటునుంచి పడుతోందో, కాగితాన్ని ఎక్కడ ఖాళీగా వదిలారో చూడు. అక్కడి నుంచి పుష్కరఘాట్‌కి నడిచి గోదావరి హారతి వేళకి మెట్ల మీద కూర్చుంటే, 1900లో రైళ్ళు మొదలైన పాత హేవలాక్ వంతెన నీళ్ళ మీద బారుగా కనబడుతుంది. దారిలో రోజ్‌మిల్క్ తాగకుండా వెళ్ళావంటే రాజమండ్రి వచ్చినట్టే కాదు.

మా ఊరు కాకపోతేనేం, నీ చుట్టూ చూడు. మచిలీపట్నం వైపుంటే పెడన వెళ్ళు. బట్టని కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసి, చెక్కిన టేకు అచ్చులతో కలంకారీ అద్దడం, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి నల్లరంగు తియ్యడం కళ్ళారా చూడొచ్చు. అనకాపల్లి వైపుంటే ఏటికొప్పాక, అంకుడు కర్ర తిరుగుతుండగా లక్కరంగు ఎక్కుతుంటే పిల్లలు కదలరు. బెజవాడ వాళ్ళకి కొండపల్లి, తెల్లపొణికి కర్ర బొమ్మలు. ఛార్జీల మాట అంటావా, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రం లోపల ఆడవాళ్ళకి టిక్కెట్టు ఉచితం. తెలంగాణ చెల్లెళ్ళకి మహాలక్ష్మి 2023 డిసెంబరు నుంచే ఉంది. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకో. ఈ బస్సులు ఆసుపత్రికీ ఆఫీసుకీ పుట్టింటికీ మాత్రమే అనుకోవద్దు, మనం సరదాగా వెళ్ళిరావడానికి కూడా.

ఇక అసలు అడ్డంకి డబ్బూ కాదు, స్థలమూ కాదు. "దీనివల్ల ఏం లాభం?" అనే ప్రశ్న. ఇంట్లోవాళ్ళు అడక్కపోయినా మన లోపలే ఒకరు కూర్చుని అడుగుతూ ఉంటారు. రెండు బొమ్మలు వేస్తే చాలు, అమ్మకానికి పెట్టమంటారు. నాలుగు కుండీలు పెడితే ఛానల్ పెట్టెయ్ అంటారు. ఆ ఆదాయం అవసరమైన వాళ్ళు తప్పకుండా చెయ్యాలి, వాళ్ళంటే నాకెంతో గౌరవం. అయితే నీ సంతోషం నిలబడాలంటే దానికి సంపాదించే బాధ్యత కూడా ఉండాలని మాత్రం ఒప్పుకోకు. మీ ఆయన సాయంత్రం క్రికెట్టు చూస్తే దాని లాభమేమిటని ఎవరూ అడగరు. మెంతి మొలక లేచిందా అని నువ్వు పొద్దున్నే వంగి చూసుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారంలో ఒక పూట, ఏదైనా సరే, నీ పేర రాసుకో. క్యాలెండరులో గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే రాసి, "ఆ పూట నేనుండను" అని ముందే చెప్పు. బతిమాలినట్టు కాదు, మామూలుగా చెప్పు. మొదటి రెండు మూడు వారాలు సణుగుతారు, ఆ తర్వాత అన్నం వాళ్ళే వడ్డించుకుంటారు.

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా విను. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సయించక, ఏ పని మీదికీ మనసు పోక, ఊరికే ఏడుపొస్తుంటే మొక్కలు పెంచుకో, బొమ్మలు వేసుకో అని చెప్పి ఊరుకునేంత తేలిగ్గా నేను తీసుకోను. అది డాక్టరుకి చెప్పుకోవాల్సిన బాధ. 14416 కి ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే మాట్లాడతారు. చెప్పుకోవడానికి సిగ్గుపడకు, నాతో చెప్పినట్టే చెప్పు.

ఇక మన సంగతి. కొత్త సంవత్సరానికి, రిపబ్లిక్ దినోత్సవానికి కడియం నర్సరీల్లో మొక్కల్నే పేర్చి నేల మీద అక్షరాలూ బొమ్మలూ కూరుస్తారు. అంత పెద్ద పచ్చటి ముగ్గు చూడాలంటే జనవరి ఒకటికి ముందు రా. ఎండ ముదరకముందే వెళ్దాం, టోపీనో గొడుగో తెచ్చుకో, చేతిసంచీ పెద్దది తెచ్చుకో. మీ అమ్మగారి ముగ్గుల పుస్తకం కూడా పట్టుకురా, అందులో రథం ముగ్గు నేను ఎక్కించుకోవాలి. నా దగ్గర చామంతి పిలకలు రెండు రంగులున్నాయి, పసుపు నీకు కావాలా తెలుపు కావాలా, బయల్దేరే ముందు ఫోను చేసి చెప్పు.